విమానంలో ఒక వదులు వస్తువు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దమనిషి అక్కడితో ఆగిపోవడానికి కారణం ఒక్కటే: ఆయన విమానం కట్టి చూడలేదు. నేను కట్టాను.

ఒంగోల్లో నాకు కళ్లజోళ్ల దుకాణం ఉంది. ఊళ్లో సగం మందికి చూపు నేనే ఇచ్చాననీ, మిగతా సగం మంది నన్ను చూసీ చూడనట్టు పోతారనీ అందరితో చెప్పుకుంటుంటాను. ఈ మాట అన్నప్పుడల్లా మా ఆవిడ హైమ వంటింట్లో ఒక గిన్నె గట్టిగా కింద పెడుతుంది. మా ఇంట్లో చప్పట్లంటే అవే. నా మాటల్లో గాలి ఎక్కువని ఆమె అభిప్రాయం. అంత గాలి వృథా పోవడమెందుకని నేను విమానం మొదలుపెట్టాను.

నక్షలు తెప్పించుకుని, పొగాకు ఆరబెట్టే పాడుబడ్డ బ్యారన్ కొట్టంలో కూర్చుని, ఆదివారాలన్నీ ధారపోసి, చెక్కా గుడ్డా అతికించి, రెక్కలు ముక్కలు చేసుకుని రెక్కలు చేశాను. ఎనిమిదేళ్లు పట్టింది. రెండు సీట్లు, ఒక ఇంజను. హైమ దానికి "సవతి" అని పేరు పెట్టింది. "సవతికి టిఫినయిందా?" అని అడిగేది, నేను ఇంజనాయిలు చేతులతో ఇంటికి రాగానే.

యాభై దాటాక మనుషులు ఉదయపు నడకలో పడతారు. నేను పల్టీలో పడ్డాను. వ్యాపారంలో ఎన్నో పల్టీలు కొట్టాను, వాటికి ఎవరి అనుమతీ అడగలేదు. ఆకాశంలో ఒక్కటి కొడతానంటే మాత్రం ముందు నేర్చుకోవాలి, తర్వాత అనుమతి తెచ్చుకోవాలి అన్నారు. నేర్పడానికి కెప్టెన్ యామిని దొరికింది. హనుమకొండ మనిషి, ముప్పై అయిదేళ్లుంటాయి, ఎందరికో విమానం నేర్పింది. నవ్వడానికి కూడా ముందు చెక్‌లిస్టు చూసుకుంటుంది.

మా ఊరికి దగ్గర్లో కొండమానుపాడులో యుద్ధకాలం నాటి సిమెంటు రన్‌వే ఒకటుంది. ఏడాదిలో కొన్నాళ్లు అది విమానాశ్రయం, మిగతా నెలలు మిరపకాయలు ఆరబోసే కళ్లం. దాని కమిటీకి ప్రెసిడెంటు చెంచురామయ్య. నా విమానం అక్కడి షెడ్డులోనే ఉంటుంది. అంతకు ముందున్న పొగాకు బ్యారన్‌ని పడగొట్టేశారు.

"పల్టీ అంటే ఏం లేదు సార్," అంది కెప్టెన్ యామిని మొదటిరోజు, రన్‌వే అంచున నిలబడి చేత్తో గాలిలో సున్నా చుడుతూ. "ముందు మస్తు ఎత్తుకు పోవాలె. ఎత్తున్నోనికే తప్పు దిద్దుకునే టైముంటది. తర్వాత ముక్కు కిందికి దించి వేగం తెచ్చుకోవాలె. అప్పుడు స్టిక్ మెల్లగ గుంజాలె. పైకి పోయినంక, నేల యాడుందని తల పైకెత్తి చూడాలె."

నేల కోసం తల పైకెత్తి చూడటం! జీవితమంతా జనాలకు "పైన అక్షరాలు చదవండి, ఇప్పుడు కింద అక్షరాలు చదవండి" అంటూ గడిపిన నాకు, పైనది కిందికి, కిందది పైకి వచ్చే ఆ ఒక్క క్షణం కావాలనిపించింది. అంతకు మించి నాకేం వద్దు.

ఇక నిమ్మకాయ సంగతి. నేను సైన్సు నమ్మే మనిషిని. రెక్క మీద గాలి వేగంగా పోతే విమానం లేస్తుందని నాకు తెలుసు. కానీ రెక్కకి దిష్టి తగిలితే ఏమవుతుందో ఏ పుస్తకంలోనూ రాయలేదు. అందుకని పూజ రోజు చక్రాల కింద పెట్టగా మిగిలిన నిమ్మకాయని సీటు వెనక పెట్టుకున్నాను. రెండోరోజు పాఠంలో విమానాన్ని ఒక పక్కకి బాగా వాల్చేసరికి ఆ నిమ్మకాయ దొర్లి వచ్చి కాలి పెడలు కింద దూరింది. ఎడమకి తిరిగిన విమానం కుడికి తిరగనంది. కెప్టెన్ సగం వంగి, చెయ్యి పెట్టి దాన్ని బయటికి లాగింది.

"సార్, గిదేంది?"

"నిమ్మకాయండి."

"పులిహోర జేస్తరా?"

"దిష్టికండి."

"దిష్టి పోయింది సార్. దాంతో పాటు మనం గూడ పోతుంటిమి."

ఆవిడ నిజాయితీ గల మనిషి. జరిగింది జరిగినట్టు పైకి రాసింది. పైన అంటే గగన విన్యాస భద్రతా విభాగం. ఆ విభాగానికి బోర్డుంది, జీపుంది, అధికారి ఉన్నాడు. ఆ ఆఫీసు పుట్టాక పల్టీ కొడతానని వచ్చిన మొదటివాణ్ణి మాత్రం నేనే. బోణీ బేరం అంత తేలిగ్గా ఎవరు వదులుతారు? అందులోనూ బేరం నిమ్మకాయతో వచ్చింది. వెంటనే నియమం పుట్టింది: విమానంలో వదులు వస్తువు ఉండగా పల్టీ లేదు.

నిజం చెప్పాలంటే ఇది మంచి నియమం. కెప్టెన్ యామినీ అదే అంది. మంచి నియమాలతోనే ప్రమాదం. చెడ్డవాటినైతే ఎవడో ఒకడు మధ్యలో ఆపుతాడు.

నియమాన్ని అమలు చేయడానికి ఉప నియంత్రణాధికారి ఏకాంబరేశ్వరరావు గారు స్వయంగా వచ్చారు. ఆయన మాట్లాడుతుంటే గెజెట్టు చదువుతున్నట్టుంటుంది. మంచినీళ్లు ఇస్తే "సదరు నీరు త్రాగుటకు యోగ్యమేనా?" అని అడిగారు.

"వదులు వస్తువనగా," అన్నారాయన గ్లాసు కింద పెట్టి, "విమానమునకు బిగింపబడని ప్రతి వస్తువూ. బిగింపబడినదో లేదో తెలియుటెట్లు? తలక్రిందులు చేసిన తెలియును."

పక్కనే ఉన్న చెంచురామయ్య నా చెవి దగ్గరికి వచ్చాడు. "సామీ, ఆయన ఏదైనా కిందా మీదా చేసుకోమను. నాలుగు రోజుల్లో మిరపకాయ దిగుద్ది. నీ ఇమానం ఇషయం అప్పటికి తేలకపోతే షెడ్డు మా గోతాలకి కావాల. ఇప్పుకొని తీసకపో."

విప్పుకోవడం తేలికే, రెక్కల వరకు. తర్వాత మిగిలే మొండెం మా ఇంటి గేటులో పట్టదు. గోందుతో అతికిన చెక్కని చిన్నది చేయడానికి ఒకటే పరికరం, రంపం. మిరపకాయలు వచ్చేలోపు పని కాకపోతే ఎనిమిదేళ్ల ఆదివారాలు పొయ్యిలోకి. రాత్రి ఆ మాట హైమకి చెబితే "పాపం" అంది. నన్నో సవతినో తెలియలేదు.

మర్నాడు పరీక్ష. రెక్కలు ఊడదీసి, పెట్రోలు తోడేసి, విమానం మొండాన్ని ఇనప చట్రం మీదికి ఎక్కించాం. అడుగు భాగం అతికేటప్పుడు తిప్పుకోవడానికి నేను చేసుకున్న చట్రం అది. మెల్లగా తిప్పాం. ఏకాంబరేశ్వరరావు గారు కింద వంగి, పైకి చూస్తూ నిలబడ్డారు. ముందు ఒక పెన్సిలు ముక్క రాలింది. తర్వాత ఒక మర, రెండేళ్లు వెతికాను దానికోసం. ఆఖరికి ఒక బల్లి రాలి, సూటిగా అధికారి గారి నడినెత్తిన పడింది.

బల్లి తల మీద పడితే ఏ ఫలమో గెజెట్టులో ఉండదు, పంచాంగంలో ఉంటుంది. ఆయన సెల్‌ఫోను తీసి ఇంటికి ఫోన్ చేశారు. "ఏమేవ్, పంచాంగం చూడు. నెత్తిన. ఆఁ, మధ్యలోనే." అవతలివాళ్లేం చెప్పారో గానీ ఆయన మొహం పాలిపోయింది. "పరీక్ష స్నానానంతరమునకు వాయిదా వేయడమైనది," అని జీపెక్కారు. ఎక్కేముందు ఆదేశం మాత్రం మరవలేదు: "సదరు బల్లిని రెండు బోల్టులతో బిగింపవలెను, లేదా తొలగింపవలెను."

తొలగించాం. దాన్ని బిగించడానికి నా దగ్గర అంత చిన్న బోల్టులు లేవు.

మధ్యాహ్నం ఆయన తడి తలతో తిరిగొచ్చారు. "విమానము పరీక్షింపబడినది. ఇప్పుడు విమానమందు ఉండబోవు వస్తువులు. ప్రప్రథమమున పైలట్."

నన్ను సీటులో కూర్చోబెట్టి, నడుముకీ భుజాలకీ బెల్టులు బిగించి, చట్రం తిప్పారు. జీవితంలో మొదటిసారి నా లెక్కలతో పాటు నేనూ తలకిందులయ్యాను. జేబులోంచి చిల్లర రాలింది, దువ్వెన రాలింది, వక్కపొడి పొట్లం రాలింది, నేనే అమ్మి నేనే పెట్టుకున్న కళ్లజోడు రాలింది. చివరగా పక్క పన్ను, అది నాది కాదు, డాక్టరు గారిది, నేను పెట్టుకున్నాను. ప్రతిదానికీ అధికారి గారు "వదులు" అన్నారు. తర్వాత చేతిలో టేపు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

"నిటారు స్థితియందు ఒడిలో నుండిన సదరు పొట్ట, తలక్రిందుల స్థితియందు గడ్డమును సమీపించినది. వదులు."

"సార్, అది నా ఒంట్లో భాగమండీ!"

"బోల్టు ఉన్నదా?"

"లేదండి."

"వదులు."

హైమ అప్పుడే అన్నం క్యారేజీ పట్టుకుని వచ్చింది. ఒక్క క్షణం నన్ను తలకిందులుగా పరికించి చూసి, "మీకు పుణ్యముంటుంది సార్, బిగించేయండి. ఇన్నేళ్లుగా నా వల్ల కాలేదు," అంది.

"మీ క్యారేజీలో ఉన్నది కూడ కారణమే మేడం," అంది కెప్టెన్ మూత తీసి చూసి. గుత్తొంకాయ కూర. ఆ పూట ఆవిడా రెండుసార్లు వేసుకుంది.

బరువులెత్తే వస్తాదులు కట్టుకునే వెడల్పాటి తోలుపట్టా తెచ్చి పొట్టకి బిగించాం. మూడోరోజు మళ్లీ తలకిందులు. ఈసారి జేబులు ఖాళీ, పన్ను డబ్బాలో, కళ్లజోడుకి తాడు. ఏదీ రాలలేదు. నేను ఉత్సాహం పట్టలేక, "చూశారా సార్, ఇన్నాళ్లూ కడుపు కట్టుకుని విమానం కట్టాను, ఇప్పుడు విమానం కోసం కడుపే కట్టాను!" అన్నాను. ఎవరూ నవ్వలేదు. అందుకని ఇంకోటి వేశాను. అదీ పేలకపోయేసరికి ఇంకోటి.

ఏకాంబరేశ్వరరావు గారు టేపు మళ్లీ బయటికి తీశారు. "నోటియందు ఏదియో కదలుచున్నది."

"నాలుకండీ."

"ఆగుట లేదే?"

"పుట్టినప్పట్నుంచీ అంతేనండి," అంది హైమ.

"వదులు."

కెప్టెన్ యామిని నా చెవి దగ్గర వంగింది. తలకిందులుగా ఉన్నాను కాబట్టి ఆవిడ వంగిందో నిలబడిందో సరిగా చెప్పలేను. "సార్, బయట ట్రాక్టర్ల చప్పుడు ఇనపడ్తుందా? మిరపకాయలు రోడ్డెక్కినయ్. కొంచెంసేపు గమ్మునుండుండ్రి. మీ నాలిక మీద మీ విమానం ఆగింది."

గమ్మునున్నాను. ఆయన నా చుట్టూ తిరుగుతూ పరీక్షించారు. "తలక్రిందుల స్థితియందు మీకు తలనొప్పి కలుగునా, లేక కాళ్లనొప్పి తలకెక్కునా?" అని అడిగారు. నాకు తోచిన జవాబుల్ని నోట్లోనే నొక్కేశాను. "కళ్లజోళ్ల వర్తకులు కదా, మా విభాగమును గూర్చి మీ దృష్టికి ఏమైనా వచ్చినదా?" అని అడిగారు. పళ్లు కరుచుకున్నాను, ఉన్నంతవరకు. చెమటలు పట్టాయి. ఒక మనిషిని ఇంతకన్నా చిత్రహింస పెట్టవచ్చునా? చివరికి ఆయన "నాలుక బిగింపబడినది" అన్నారు. హైమ నమ్మలేక దగ్గరికొచ్చి, నేను బతికే ఉన్నానా అని చూసి వెళ్లింది.

ఇక అయిపోయిందనుకున్నాం. ఆయన దగ్గరికి వచ్చి నా ఛాతీ మీద ఉన్న బెల్టు బక్కిల్‌ని వేలితో తట్టారు. "ఇది ఏమి?" అంటూనే లాగారు.

నేను పడ్డాను. కింద చెంచురామయ్య ముందుజాగ్రత్తగా తెచ్చి పెట్టుకున్న ఖాళీ గోతాల కుప్ప ఉండబట్టి ఈ కథ నేనే చెబుతున్నాను.

"పైలట్ వదులు," అన్నారు ఏకాంబరేశ్వరరావు గారు.

"సార్, మీరే కదా ఊడదీశారు!"

"ఊడదీయుటకు వీలగునది బిగింపు కానేరదు. పైలట్‌ను బోల్టులతో బిగింపుడు."

కెప్టెన్ యామినికి మొదటిసారి కోపం వచ్చింది. "సార్, మీ విభాగందే ఇంకో నియమముంది. పల్టీ కొట్టేటోడు పారాచూట్ తొడుక్కోవాలె, ఏమన్న అయితే రెప్పపాటుల బయటికి దుంకాలె. బోల్టు ఏసినంక పానా పట్టుకొని విప్పుకుంట కూసుంటడా? అందాకా విమానం ఆగుతదా?"

ఆయన ఆలోచించారు. కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించారు. బయట మొదటి ట్రాక్టరు వచ్చి ఆగింది. కారం ఘాటు షెడ్డులోకి వచ్చింది. ఆయన కళ్లు తెరిచారు.

"పైలట్ ఊడరాదు. పైలట్ తక్షణమే ఊడవలెను. రెండు నియమములూ మా విభాగమువే. రెండునూ సరియైనవే. కావున దోషము పైలట్‌ది." గొంతు సవరించుకున్నారు. "ఈ విమానము పల్టీలకు సర్వవిధముల యోగ్యము. పైలట్ లేనియెడల."

ఎనిమిదేళ్లలో నా విమానానికి దొరికిన మొదటి మెప్పు అది. పాపం, నేను లేకపోతే మహా గొప్ప విమానమట. మా ఆవిడ కూడా మా ఇంటి గురించి ఇలాంటిదే ఏదో అంటూ ఉంటుంది.

"అయితే తేలిపోయింది గదా," అన్నాడు చెంచురామయ్య, కొంచెం ఇబ్బందిగానే. "రంపం కావాలంటే మా ఇంట్లో ఉండాది సామీ. రేపు పొద్దున రన్‌వే మీద కాయ పోస్తాం."

నేను విమానం ముక్కు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఎంత వెతికినా ఒక్క చమత్కారమూ దొరకలేదు. నా మాట ఆగిపోవడం చూసి హైమ భయపడి నీళ్లు తెచ్చింది.

అప్పుడు కెప్టెన్ యామిని చాలా నెమ్మదిగా, చాలా వినయంగా అడిగింది. "సార్, ఒక సందేహం. వదులు వస్తువును నేలమీద చూస్తే సరిపోతదా? నిమ్మకాయ నేలమీద ఉన్నప్పుడు గమ్మునే ఉండె. గాలిల గదా దొర్లింది."

ఏకాంబరేశ్వరరావు గారి మొహం వెలిగింది. ఆయనకి ఇష్టమైన పని దొరికింది. "సత్యము. వదులని అనుమానింపబడిన వస్తువును గగనమందు ఒక పర్యాయము పల్టీ కొట్టించి పరీక్షింపవలెను."

"మరి ఈ వస్తువును?" అంటూ నన్ను చూపించింది.

"తప్పక పరీక్షింపవలెను."

"మరి నడిపేటందుకు నేను ఎక్కితే, నేను గూడ బోల్టు లేని పైలట్‌నే గదా సార్?"

"తమరు విభాగము పక్షమున పరీక్షాధికారిణిగా ఎక్కుదురు," అన్నారాయన నిటారుగా నిలబడి. "విభాగమునకు చెందిన వారు సదా బిగిసియే ఉందురు."

చీకటి పడేలోగా రెక్కలు బిగించాం. తెల్లారేసరికి పెట్రోలు పోసి రన్‌వే మీదికి తోశాం. ట్రాక్టర్లు పక్కన బారులు తీరాయి. "ఒక్క పది నిమిషాలు," అని చెంచురామయ్య వాళ్లని ఆపాడు. నా మెడలో "వ.వ.-1" అని రాసిన అట్టముక్క కట్టబోయి, అదీ వదులు వస్తువే అని గుర్తొచ్చి, అధికారి గారు దాన్ని నా చొక్కాకి కుట్టించారు. హైమే కుట్టింది. సూది రెండుసార్లు నాకు గుచ్చుకుంది. పొరపాటుగా కాదనుకుంటాను, కానీ ఆఖర్న ఒకటికి రెండు ముడులు వేసింది.

ఎత్తుకి వెళ్లాం. కింద రన్‌వే అగ్గిపుల్లంత అయింది. కెప్టెన్ చుట్టూ చూసింది, బెల్టులు ఇంకోసారి లాగి చూసింది, తన చేతులు రెండూ స్టిక్ మీంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"వదులు వస్తువు గారూ," అంది ఇంటర్‌కమ్‌లో, "స్టిక్ పట్టుకోండ్రి."

పట్టుకున్నాను. ముక్కు దించాను. ఇంజను చప్పుడు పెరిగింది, రెక్కల గుడ్డ మీద గాలి ఈల వేసింది. "ఇగ గుంజుండ్రి. మెల్లగ. మెల్లగ. ఆగకుండ్రి." ఒళ్లు సీటులోకి దిగబడిపోయింది. ఎదురుగా ఉన్న నేల కిందికి జారిపోయి, ఆకాశం నిండిపోయింది, తర్వాత ఆకాశమూ అయిపోయింది. ఎక్కడుందా అని తల పైకెత్తాను.

నేల ఉంది. నెత్తి మీద. రన్‌వే, ట్రాక్టర్లు, ఎర్రటి మిరప చేలు, వాటి చివర మా ఒంగోలు, అందులో కనపడకుండా నా కొట్టు. అంతా పైకప్పుకి అతికించినట్టు వేలాడుతోంది, ఏదీ రాలడం లేదు. ఎవరు బిగించారో దాన్ని! చూస్తూ స్టిక్ కాస్త వదిలానేమో, సీటు మీంచి తేలి బెల్టులకి వేలాడాను. "గుంజుండ్రి సార్," అంది ఆవిడ, అరవకుండా. గుంజాను. ప్రపంచం మళ్లీ దాని చోటికి వచ్చింది.

రన్‌వే మీదికి దిగాం.

ఏకాంబరేశ్వరరావు గారు విమానం ఆగకముందే ఎదురొచ్చారు. జేబులు చూశారు, పొట్ట పట్టా చూశారు, బెల్టులు లాగారు. అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. "వస్తువు బిగుతుగానే ఉన్నట్లు..." అంటూ ఆగి, నా నుదుటి వంక చూశారు. కనుబొమల మీంచి జుట్టు దాకా తడిగా రెండు చారలు. "ఇది ఏమి?"

కెప్టెన్ నా కాలు తొక్కింది. "చెమట అనుండ్రి," అంది పెదవులు కదపకుండా.

చెమట అంటే చాలు. నేను బిగుతు. పరీక్ష పాస్. కానీ బిగించిన నాలుక ఒక్క రోజుకి మించి ఆగలేదు. "కన్నీళ్లండి," అన్నాను. "పైన ఉండగా కిందికి జారాయి. అంటే, పైకి."

కెప్టెన్ యామిని నెత్తి కొట్టుకుంది. అధికారి గారు తృప్తిగా తలాడించారు. "వదులు. నిస్సందేహముగా వదులు."

"అయితే ఇప్పుకోవాల్సిందే," అన్నాడు చెంచురామయ్య.

"ఎవరదీ?" ఏకాంబరేశ్వరరావు గారు ఆయన వైపు తిరిగారు. "వదులని రూఢియైన వస్తువును, అది బిగిసికొను పర్యంతము, మూడు మాసములకొక పర్యాయము గగనమందు పునఃపరీక్షింపవలెను. అంతదాక సదరు విమానమును సదరు షెడ్డునుండి కదల్చిన యెడల కఠిన చర్య తీసికొనబడును."

చెంచురామయ్య ఒకసారి విమానాన్ని, ఒకసారి గోతాలని, ఒకసారి నన్ను చూశాడు. "రెక్కల కింద జాగా ఉండాది గదా సామీ," అన్నాడు చివరికి. "అక్కడ సర్దుకుంటాంలే."

చెమట అని ఉంటే ఏమయ్యేదో తర్వాత కెప్టెన్ విడమరిచి చెప్పింది. పాసయ్యేవాణ్ణి. పాసైతే ఇక వదులు వస్తువుని కాను, నాకు పరీక్ష అక్కర్లేదు, పల్టీ కూడా అక్కర్లేదు. పైలట్‌గా మళ్లీ మొదటినుంచి అడగాలి, పైలట్లకేమో బోల్టు. అంటే ఈ దేశంలో నాలాంటివాడికి పల్టీ కొట్టే దారి ఒకటే: ఫెయిలవడం. ఏప్రిల్లో మళ్లీ పరీక్ష. విశేషంగా తయారవుతున్నాను. అయినా ఈ వయసులో మనసు గట్టిపడిపోయి, పైకి వెళ్లాక కళ్లు తడవక, ఖర్మ కాలి పాసైపోతానేమోనని లోపల బెంగగానే ఉంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ బెంగే వెళ్లబోసుకుంటుంటే హైమ గిన్నె చప్పుడు చేయలేదు. ముంజేతి గాజులు పైకీ కిందికీ జరుపుకుంటూ కూర్చుంది.

"ఏమండీ," అంది ఆఖరికి, నా వంక చూడకుండా. "గాజులు కూడా వదులు వస్తువుల కిందికే వస్తాయా?"